దవడ జారడమూ, దవడ పట్టడమూ

సికింద్రాబాదు క్షౌరశాలల్లో తలకు మర్దన చేయించుకొన్నవారికి దాని చివరి ఘట్టం తెలిసే ఉంటుంది. గడ్డం కింద ఒక చేయి, తలపై మరొక చేయి వేసి మెడను చటుక్కున తిప్పుతారు. 'టక్'మన్న చప్పుడుతో లోపలేదో సర్దుకొన్నట్టు తోస్తుంది. దవడ నొప్పికి కూడా ఇదే మందని చెప్పగా నేను విన్నాను. ఈ 'సర్దడం' అనే ఊహకు సుదీర్ఘమైన చరిత్ర ఉన్నది.

తెలుగులో దవడ జారడం వేరు, దవడ పట్టడం వేరు. జారినప్పుడు కీలు తన గుంటలోనుంచి ముందుకు తప్పి, తెరిచిన నోరు మూతపడదు. పట్టినప్పుడు నోరు పూర్తిగా తెరుచుకోదు, నమిలితే నొప్పి.

మొదటిదానికి వైద్యం అతి ప్రాచీనం. క్రీ.పూ. 1600 ప్రాంతానికి చెందిన ఎడ్విన్ స్మిత్ పపైరస్‌లోనే ఆ పద్ధతి ఉన్నది: బొటనవేళ్ళు నోటిలోపల, తక్కిన వేళ్ళు గడ్డం కింద ఉంచి దవడను వెనక్కు నెట్టాలి. సుశ్రుతసంహిత చికిత్సాస్థానం కాపడం పెట్టి, కీలును సరిచేసి, 'పంచాంగి' అనే కట్టు కట్టమన్నది. నేటి వైద్యులూ బొటనవేళ్ళతోనే దవడను ఎక్కిస్తారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన, వెదురు బద్దలతో వేసే మన పుత్తూరు కట్టు కూడా, తప్పిన ఎముకను చేత్తో సరిచేసే ఈ విద్యకు చుట్టమే.

చిక్కంతా రెండవదానితో వచ్చింది. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్‌లో డి.డి. పామర్ కైరోప్రాక్టిక్‌ను ఆరంభించాడు. వెన్నుపూసలు స్థానం తప్పి నరాలను నొక్కడమే దాదాపు అన్ని రోగాలకూ మూలమన్నాడు. 1934లో సెయింట్ లూయిస్ వైద్యుడు జేమ్స్ కోస్టెన్, వెనుక పళ్ళు ఊడినందువల్ల దవడ స్థానం మారడమే ఈ బాధకు కారణమని వ్రాశాడు. ఇద్దరి దారులూ వేరు. కాని ఇద్దరికీ కనబడినది 'జారడమే'.

1950లలో న్యూయార్కులో లాస్లో ష్వార్ట్జ్, 1969లో డేనియల్ లాస్కిన్ దృష్టిని కీలు నుంచి కండరాలవైపు మళ్ళించారు. పళ్ళు కొరకడం, మానసిక ఒత్తిడి, కండరాల అలసట: పట్టిన దవడ వెనుక తరచుగా ఉండేవి ఇవే. దీర్ఘకాలిక దవడ నొప్పిపై 2023లో బి.ఎం.జె. పత్రిక ప్రచురించిన మార్గదర్శకాలు దవడ వ్యాయామాలనూ, శిక్షణ పొందినవారు దవడను మెల్లగా కదిలించడాన్నీ, మానసిక చికిత్సనూ గట్టిగా సమర్థించాయి. శస్త్రచికిత్సకు తొందరపడవద్దన్నాయి. అంటే చేతివైద్యం వ్యర్థమేమీ కాదు. ఆ చేయి ఎక్కడ, ఎంత బలంతో, ఎందుకు పడుతున్నదన్నదే ప్రశ్న.

మెడను విసురుగా తిప్పినప్పుడు మెదడుకు రక్తం తీసుకువెళ్ళే ధమని చిరిగి పక్షవాతం వచ్చిన సందర్భాలు, అరుదుగానైనా, వైద్యగ్రంథాల్లో నమోదయ్యాయి. దవడ నొప్పి కోసం ఆ సాహసం అనవసరమని నా అభిప్రాయం. జారిన దవడను ఎక్కించడానికి వెంటనే ఆసుపత్రికి పోవాలి. గాయమైన కొద్ది రోజులకు దవడ బిగుసుకొంటే అది ధనుర్వాతం కావచ్చు. అప్పుడూ ఆలస్యం పనికిరాదు. తక్కిన పట్టిన దవడకు మెత్తని ఆహారం, వేడి కాపడం, విశ్రాంతి, తగ్గకపోతే దంతవైద్యుని సలహా.

జారినదాన్ని ఎక్కించాలి, పట్టినదాన్ని సడలించాలి. రెండు క్రియలను విడిగా దాచి ఉంచిన మన భాష ఈ వివేకాన్ని ఎప్పుడో చెప్పింది.