బంతి నొక్కుకుపోతుందా?

పై తరగతుల్లో భౌతికశాస్త్రం చదివిన మన పూర్వ విద్యార్థులకు ఆ సూత్రం గుర్తుండే ఉంటుంది: వేగంగా పోయే వస్తువు పొడవు, అది పోయే దిశలో తగ్గుతుంది. 1889లో ఐర్లండుకు చెందిన ఫిట్జ్‌జెరాల్డ్, 1892లో హాలండుకు చెందిన లోరెంట్జ్ ఈ ఊహ చేశారు. 1905లో ఐన్‌స్టీన్ దాన్ని సాపేక్ష సిద్ధాంతం నుంచి రాబట్టాడు. లెక్క సులువే. కాంతివేగంలో 80 శాతం వేగంతో పోయే 30 సెంటీమీటర్ల స్కేలును కొలిస్తే 18 సెంటీమీటర్లే వస్తుంది.

మరి కంటికి ఎలా కనిపిస్తుంది? కొలతకు వచ్చిందే కంటికీ కనిపిస్తుందని దాదాపు అందరూ అనుకున్నారు. జార్జి గామోవ్ 1940లో వచ్చిన తన టాంప్‌కిన్స్ కథల్లో, కాంతి నెమ్మదిగా నడిచే ఊరొకటి కల్పించి, అక్కడ సైకిలు తొక్కే మనిషిని బాగా నొక్కుకుపోయినట్టు చూపించాడు. ముచ్చటైన బొమ్మ! ఒకసారి చూస్తే మరిచిపోలేం, అదే చిక్కు. 1924లోనే ఆంటన్ లాంపా అనే శాస్త్రవేత్త వేగంగా పోయే కడ్డీ చూపుకు ఎలా ఉంటుందో లెక్కగట్టాడు గాని, అది పెద్దగా ఎవరి చెవికీ ఎక్కలేదు.

1959లో ఇంగ్లండులో రోజర్ పెన్‌రోజ్ (2020లో నోబెల్ అందుకున్నది ఈయనే), అమెరికాలో జేమ్స్ టెరెల్ ఎవరికి వారుగా ఆ బొమ్మ తప్పని తేల్చారు. కిటుకు ఇది. మన కంట్లో ఒకేసారి పడే కాంతి, వస్తువు నుంచి ఒకేసారి బయలుదేరింది కాదు. దూరపు అంచు నుంచి రావలసిన కాంతి ముందే బయలుదేరాలి. అది దగ్గరి అంచు దాకా వచ్చేలోపు వస్తువు ముందుకు జరిగిపోతుంది. దూరాన మన ఎదుటగా దాటిపోతున్న పెట్టెనే తీసుకోండి. దాని వెనుక పలక నుంచి వచ్చే కాంతికి ఆ పెట్టే అడ్డు తప్పుకుంటుంది, కనుక మామూలుగా కనబడని ఆ పలక కనబడుతుంది. మనవైపున్న పలక వెడల్పేమో తగ్గుతుంది. రెండూ కలిసి, పెట్టె నొక్కుకుపోయినట్టు గాక పక్కకు తిరిగినట్టు ఉంటుంది. బంతి అంచు మాత్రం ఎంత వేగంలోనైనా గుండ్రమే.

సూత్రం చెక్కుచెదరలేదు. మాస్టార్లు నల్లబల్ల మీద చేయించిన లెక్కలన్నీ సరైనవే.

2025లో వియన్నా పరిశోధకులు లేజరు మెరుపులతో, అతివేగపు కెమెరాతో దీన్ని ప్రయోగశాలలో ఫొటో తీశారు. కాంతి సెకనుకు 2 మీటర్లే నడిస్తే ఎలా ఉంటుందో అలా చిత్రాలను పేర్చారు. ఘనం పక్కకు తిరిగినట్టు కనిపించింది. గోళం గోళంగానే ఉంది, దాని ధ్రువం మాత్రం చోటు మారింది.