మైక్రోస్పాంజ్‌లు

మైక్రోస్పాంజ్‌లు అంటే ఒంటినిండా రంధ్రాలున్న అతి చిన్న పాలిమర్ గోళాలు. చర్మంపై పూసే మందును తమలో నింపుకొని, పూసిన తర్వాత కొద్దికొద్దిగా బయటికి వదులుతాయి. వీటి వ్యాసం సాధారణంగా 5 నుంచి 300 మైక్రోమీటర్ల వరకు ఉంటుంది. 1980లలో కాలిఫోర్నియాలో రూపుదిద్దుకొని, 1997లో మొటిమల మందులో భాగంగా ఆమోదం పొందాయి. మందును చర్మంలో మరింత లోతుకు దించడానికే వీటిని తయారుచేశారని చాలామంది అనుకుంటారు. నిజానికి వీటి పని అది కాదు. ఒక్కసారిగా మీదపడే మందుకు పగ్గం వేసి, చర్మం తట్టుకోగలిగినంత మేరకే అందించడం వీటి పని.

నేపథ్యం

మామూలు క్రీములోనో జెల్‌లోనో కరిగి ఉన్న మందు పూసిన కాసేపటికే పెద్ద మోతాదులో చర్మపు పైపొరను చేరుతుంది, ఆ తర్వాత తగ్గిపోతుంది. చాలా మందుల విషయంలో దీనివల్ల పెద్ద ఇబ్బంది లేదు. ట్రెటినోయిన్ సంగతి వేరు. విటమిన్-ఎ ఆమ్లమైన ఈ పదార్థం మొటిమలపై బాగా పనిచేస్తుందని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్బర్ట్ క్లిగ్‌మన్, జేమ్స్ ఫుల్టన్, గెర్డ్ ప్లెవిగ్ 1969లో ప్రచురించారు. 1971లో అది రెటిన్-ఎ పేరుతో అమెరికా మార్కెట్‌లోకి వచ్చింది. ఈ మందు పుట్టుక గురించి చెప్పేటప్పుడు ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలును దాటవేయడం న్యాయం కాదు. క్లిగ్‌మన్ 1950ల నుంచి 1974 వరకు అక్కడి ఖైదీల చర్మంపై ప్రయోగాలు నడిపాడు. వారిలో ఎక్కువమంది నల్లజాతీయులు. ఆ ప్రయోగాలకు ఫిలడెల్ఫియా నగరం 2022లో అధికారికంగా క్షమాపణ చెప్పింది.

ట్రెటినోయిన్ వాడిన తొలి వారాల్లో ముఖం ఎర్రబారుతుంది, మండుతుంది, పొట్టు రాలుతుంది. మొటిమలు తగ్గడానికి నెలలు పడితే, మంట మాత్రం రోజుల్లోనే మొదలవుతుంది. అందుకే గుణం కనబడకముందే మందు మానేసేవారు ఎందరో. పైగా ఈ అణువు వెలుతురుకు తట్టుకోదు. మొటిమలకే వాడే బెంజాయిల్ పెరాక్సైడ్‌తో కలిపి పూస్తే ఆక్సీకరణ చెంది చెడిపోతుంది. ఇంత పెళుసైన, ఇంత ఘాటైన మందును అదుపులో ఉంచే వాహకం కావలసివచ్చింది.

ఆవిష్కరణ

రంధ్రాలున్న పాలిమర్ పూసలు అప్పటికి కొత్తవేమీ కావు. నీటి శుద్ధిలో వాడే అయాన్ మార్పిడి రెజిన్ల కోసం 1950ల చివరినాటికే రసాయన శాస్త్రవేత్తలు వాటిని తయారుచేస్తున్నారు. ఆ నైపుణ్యాన్ని చర్మ ఔషధాలవైపు మళ్లించిన సంస్థ కాలిఫోర్నియాలోని రెడ్‌వుడ్ సిటీకి చెందిన అడ్వాన్స్‌డ్ పాలిమర్ సిస్టమ్స్. ఆ సంస్థ తరఫున రిచర్డ్ వోన్‌కు 1987లో పేటెంటు దక్కింది.

తయారీ ఇలా సాగుతుంది. మిథైల్ మెథాక్రిలేట్ వంటి మోనోమర్‌ను, గొలుసులను అడ్డంగా ముడివేసే మరో మోనోమర్‌ను, రంధ్రాలు ఏర్పరిచే ద్రవాన్ని కలిపి నీటిలో పోసి వడిగా కలియబెడతారు. నూనె నీటిలో చిట్లినట్టు ఆ మిశ్రమం సన్నని బొట్లుగా విడిపోతుంది. కలియబెట్టే వేగాన్ని బట్టి బొట్టు పరిమాణం, దాన్ని బట్టి పూస పరిమాణం తేలుతాయి. వేడిచేసినప్పుడు ఒక్కో బొట్టు లోలోపలే గట్టిపడుతుంది. గట్టిపడే పాలిమర్ తనలో ఇమడని ద్రవాన్ని వేరుచేస్తుంది, ఆ ద్రవం నిలిచినచోటల్లా సందులు ఏర్పడతాయి. తర్వాత ద్రవాన్ని కడిగి తీసేస్తే బోలు దారులు మిగులుతాయి. ఈ చర్యను మొదలుపెట్టడానికి రసాయన పరిశ్రమలో మామూలుగా వాడే పదార్థాల్లో బెంజాయిల్ పెరాక్సైడ్ ఒకటి. మొటిమల మందుగా మనకు తెలిసినదే పూస పుట్టుకకు నిప్పురవ్వ కావడం ఈ రసాయనంలో ఆసక్తికరమైన విషయం.

తట్టుకోగల మందైతే దాన్నే రంధ్రాలు చేసే పదార్థంగా వాడి, ఒకే దశలో పని ముగించవచ్చు. వోన్ పేటెంటులోని కొత్తదనం ఇదే. ట్రెటినోయిన్ వంటి సున్నితమైన మందును మాత్రం ముందుగా ఖాళీ పూసలు చేసుకొని, ఆ తర్వాత ద్రావణంలో నానబెట్టి నింపాలి. 25 మైక్రోమీటర్ల గోళంలో రెండున్నర లక్షల వరకు రంధ్రాలుంటాయని, లోపలి దారులన్నీ కలిపితే 10 అడుగుల పొడవు వస్తాయని ఈ సాంకేతికత గురించిన రచనల్లో తరచూ కనిపించే లెక్క.

పూసలు చర్మపు పొరల్లోకి దిగవు. పూస లోపలి మందుకూ చుట్టూ ఉన్న జెల్‌లో కరిగిన మందుకూ మధ్య ఒక సమతూకం ఉంటుంది. జెల్‌లోని మందును చర్మం పీల్చుకున్నకొద్దీ ఆ లోటును పూస భర్తీచేస్తుంది. అందుకే మందు జెల్‌లో కొద్దిగా మాత్రమే కరగాలి. బాగా కరిగిపోతే డబ్బాలో ఉండగానే పూసలు ఖాళీ అవుతాయి. ఈ విద్యలో కష్టమైన భాగం పూస చేయడం కన్నా దానికి తగిన జెల్ కుదర్చడం అనవచ్చు.

కణం పరిమాణానికి ఉన్న ప్రాధాన్యాన్ని రోలాండ్, షేఫర్ తదితరులు 1993లో చూపించారు. సుమారు 5 మైక్రోమీటర్ల గోళాలు రోమకూపాల్లోకి చేరాయి. 10 దాటినవి పైనే ఉండిపోయాయి. మొటిమలు పుట్టేది రోమకూపాల్లోనే కాబట్టి ఆ ఫలితానికి విలువ ఎక్కువ.

ఔషధంగా ఆమోదం

అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 1997 ఫిబ్రవరిలో 0.1 శాతం ట్రెటినోయిన్ ఉన్న రెటిన్-ఎ మైక్రోను ఆమోదించింది. 2002లో 0.04 శాతం జెల్ వచ్చింది. వీటికి జరిగిన ప్రచారాన్ని, మందుతో వచ్చే అధికారిక సమాచార పత్రాన్ని పక్కపక్కన పెట్టి చదవడం అవసరం. సున్నితమైన చర్మమున్నా మొటిమలు లేని స్త్రీల ముఖంపై ఒక సగానికి ఈ జెల్, రెండో సగానికి పాత 0.1 శాతం క్రీము రాసి పోల్చితే, జెల్ రాసినవైపు మంట తక్కువగా ఉంది. అయితే మొటిమలున్న రోగుల్లో ఈ తేడాకు ఎంత ప్రాధాన్యం ఉందో నిర్ధారణ కాలేదని, మంట తగ్గడంలో మైక్రోస్పాంజ్‌ల వాటా ఎంతో కూడా తేలలేదని అదే పత్రం స్పష్టంగా చెబుతుంది. జెల్‌లోని ఇతర పదార్థాలే అందుకు కారణం కావచ్చు. ఈ సాంకేతికత గురించి రాసే చాలామంది ఆ రెండు వాక్యాలను వదిలేస్తారు. వెలుతురు నుంచి, బెంజాయిల్ పెరాక్సైడ్ నుంచి మందును కాపాడటంలో మాత్రం పూసలకు అనుకూలంగా ప్రయోగశాల ఆధారాలు గట్టిగానే ఉన్నాయి.

రెండో ముఖ్యమైన మందు 2000లో ఆమోదం పొందిన కారాక్. ఎండవల్ల చర్మంపై ఏర్పడే, క్యాన్సర్‌గా మారే అవకాశమున్న గరుకు మచ్చలకు దీన్ని వాడతారు. ఇందులో ఫ్లోరోయురాసిల్ 0.5 శాతం, అందులో 0.35 శాతం పూసల్లో ఉంటుంది. రోజుకు ఒక్కసారి రాస్తే సరిపోతుంది. పాత 5 శాతం క్రీమును రెండుసార్లు రాయాల్సివచ్చేది. అదే ఏడాది అడ్వాన్స్‌డ్ పాలిమర్ సిస్టమ్స్ తన చర్మ ఔషధ సాంకేతిక హక్కులను ఆర్.పి. షెరర్ అనే సంస్థకు అమ్మివేసింది.

తర్వాతి పరిణామాలు

భారతదేశంలో ఈ రంగం పరిశ్రమలో కన్నా ఫార్మసీ కళాశాలల్లో ఎక్కువగా విస్తరించింది. తెలుగు రాష్ట్రాల్లో కూడా ఎం.ఫార్మసీ విద్యార్థులు దీనిపై పనిచేస్తుంటారు. వారిలో ఎక్కువమంది పాలిమర్‌ను కొత్తగా తయారుచేయరు. ఇథైల్ సెల్యులోజ్ లేదా యూడ్రాజిట్ వంటి సిద్ధంగా దొరికే పాలిమర్‌ను మందుతోపాటు ద్రావణిలో కరిగించి, కలియబెడుతున్న నీటిలో పోసి, ద్రావణిని పోనిస్తారు. బీకరు, స్టిర్రర్ ఉంటే చాలు. అలా వెలువడిన పత్రాల సంఖ్యతో పోలిస్తే రోగులపై పరీక్షలదాకా వెళ్లినవి బహు తక్కువ. ఇది విద్యార్థుల లోపం కాదు, ఆ పరీక్షలకయ్యే ఖర్చు కళాశాలలకు అందనిది.

ఇజ్రాయెల్‌కు చెందిన సోల్-జెల్ టెక్నాలజీస్ సిలికా పొరతో వేరే దారి పట్టింది. ట్రెటినోయిన్, బెంజాయిల్ పెరాక్సైడ్‌లను వేర్వేరు గుళికల్లో బంధించి ఒకే క్రీములో పెట్టిన ట్వైనియోకు 2021లో అమెరికాలో ఆమోదం లభించింది. పడని రెండు మందులు ఒకే ట్యూబులో ఉండగలిగాయి.

ఇప్పుడు అక్రిలేట్ పూసలకు ఎదురైన ప్రశ్న చర్మానిది కాదు, కడిగాక అవి చేరే నీటిది. ఐరోపా సమాఖ్య 2023లో కృత్రిమ పాలిమర్ సూక్ష్మకణాలపై ఆంక్షలు విధించింది. మందులను నిషేధం నుంచి మినహాయించింది. రాసుకుని కడగకుండా వదిలేసే సౌందర్య సాధనాలకు 2029 వరకు, మేకప్, పెదవుల, గోళ్ల ఉత్పత్తులకు 2035 వరకు గడువిచ్చింది. సహజ పాలిమర్లు రసాయనికంగా మారకపోతేనే నిబంధన బయట ఉంటాయి. కాబట్టి ఇథైల్ సెల్యులోజ్‌కు చెట్టు నుంచి వచ్చిందన్న ఒక్క కారణంతో మినహాయింపు దొరకదు. కార్బన్ లేని సిలికాకు మాత్రం ఆ ఆంక్షలు వర్తించవు.