తెలంగాణ హైకోర్టు నూతన భవన సముదాయం - ఆవశ్యకత, నేపథ్యం

హైదరాబాద్‌లో మూసీ నది దక్షిణ తీరాన, నయాపూల్ సమీపంలో ఉన్న హైకోర్టు భవనం నగర వారసత్వ కట్టడాలలో ప్రముఖమైనది. 1908 నాటి మూసీ వరదల అనంతరం చేపట్టిన నగరాభివృద్ధిలో భాగంగా, ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనాకాలంలో దీనిని నిర్మించారు. విన్సెంట్ ఎష్ నమూనాలు రూపొందించిన ఈ భవనానికి 1915 ఏప్రిల్ 15న శంకుస్థాపన జరుగగా, 1920 ఏప్రిల్ 20న ప్రారంభోత్సవం జరిగింది.

పెరిగిన అవసరాలు

తొలుత ఆరుగురు న్యాయమూర్తుల అవసరాలకు అనుగుణంగా నిర్మించిన ఈ భవనం, 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరణతో విశాల రాష్ట్రానికి ఉన్నత న్యాయస్థానమైంది. పెరిగిన పనిభారం దృష్ట్యా ఆవరణలో అదనపు భవనాలను నిర్మించవలసి వచ్చింది. 2009 ఆగస్టు 31న సంభవించిన అగ్నిప్రమాదంలో గ్రంథాలయానికి తీవ్ర నష్టం వాటిల్లింది. పాత కట్టడాలలో అగ్నిమాపక ఏర్పాట్ల ఆవశ్యకతను ఈ సంఘటన స్పష్టం చేసింది.

2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హైకోర్టు అమరావతిలో ఏర్పాటు కావడంతో స్థలాభావం తీరుతుందని భావించడం సహజమే. అయితే తెలంగాణ హైకోర్టు న్యాయమూర్తుల మంజూరు సంఖ్య 2021లో 24 నుండి 42కు పెరిగింది. న్యాయమూర్తి పదవి ఒకటి పెరిగితే కోర్టు హాలు, ఛాంబరు, సిబ్బందికి గదులు, దస్త్రాల భద్రతకు స్థలం కూడా పెరగాలి. ఈ వసతులు కల్పించనిదే మంజూరైన పదవుల పూర్తి ప్రయోజనం కక్షిదారులకు చేకూరదు. వారసత్వ కట్టడం కావడం వలన పాత భవనం రూపురేఖలు మార్చి విస్తరించడం సముచితం కాదు.

స్థల కేటాయింపు

2023 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ అలోక్ అరాధే, ముఖ్యమంత్రి ఎ. రేవంత్ రెడ్డి మధ్య జరిగిన సమావేశంలో నూతన భవనం విషయం చర్చకు వచ్చింది. తదుపరి రాజేంద్రనగర్ మండలం బుద్వేల్, ప్రేమావతిపేట పరిధిలో 100 ఎకరాలను కేటాయిస్తూ జీవో 55 జారీ అయింది. 2024 మార్చి 27న అప్పటి భారత ప్రధాన న్యాయమూర్తి జస్టిస్ డి.వై. చంద్రచూడ్ శంకుస్థాపన చేశారు.

కేటాయించిన భూమి వ్యవసాయ, ఉద్యాన విశ్వవిద్యాలయాలకు చెందినది. పరిశోధనలకు, జీవవైవిధ్యానికి భంగం కలుగుతుందంటూ 2024 జనవరిలో విద్యార్థులు ఆందోళన చేపట్టారు. న్యాయస్థానానికి వసతి ఎంత అవసరమో, వ్యవసాయ పరిశోధనకు భూమి కూడా అంతే అవసరం. కాబట్టి నిర్మాణంలో వృక్షసంపద పరిరక్షణకు ప్రాధాన్యం లభించవలసి ఉంది.

పాత భవనం భవితవ్యం

నూతన సముదాయం నిర్మించినంత మాత్రాన పాత భవనం ప్రాముఖ్యం తగ్గదు. దానిని పునరుద్ధరించి ఇతర న్యాయస్థానాల అవసరాలకు వినియోగించాలన్న ఆలోచన 2023 డిసెంబరు సమావేశంలోనే వ్యక్తమైంది. నిర్వహణ కొరవడితే వారసత్వ కట్టడం త్వరగా శిథిలమవుతుంది. అందువల్ల కొత్త భవన నిర్మాణంతో పాటు పాత భవన పునరుద్ధరణకు కూడా నిధులు, కాలపరిమితి నిర్ణయించడం ఆవశ్యకం.