ధ్వనికి ఎన్ని పోగులు?

సోలాపూర్ దాజీ పేట్‌లో ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. తెలంగాణ పల్లెల నుంచి తరాల కిందట వలస వచ్చిన పద్మశాలీలు చేతిమగ్గంతో మొదలై మరమగ్గానికి మారారు; జకార్డ్ దుప్పట్లతో ఊరికి పేరు తెచ్చారు. పక్కన మగ్గం ఆడుతుంటే టీవీలో మాట వినబడడం అంత తేలిక కాదు.

కేబుల్ టీవీ డిజిటల్‌కు మారే రెండో విడతకు గడువు 2013 మార్చి 31. 38 నగరాల ఆ జాబితాలో హైదరాబాద్, విశాఖపట్నంతో పాటు సోలాపూర్ కూడా ఉంది. ఇంటింటికీ సెట్‌టాప్ బాక్స్ వచ్చింది. బొమ్మ తేటదనం గురించి చెప్పినంతగా, ధ్వనికి ఎంత చోటిస్తున్నారో ఎవరూ చెప్పలేదు.

నేతగాడికి ఈ లెక్క కొత్తది కాదు. పోగులు పెంచకుండా పన్నా పెంచితే గుడ్డ జల్లెడవుతుంది. బిట్ రేటు కూడా అంతే: సెకనుకు ఎన్ని బిట్లు ఇస్తే ధ్వని అంత చిక్కగా ఉంటుంది.

5.1 సరౌండ్‌లో ధ్వనికి పూర్తి దారులు (ఛానెళ్లు) ఐదు, గంభీరమైన మోతకు ఇంకొకటి. కుదించకపోతే ఒక్కో దారికి సెకనుకు 48,000 నమూనాలు, నమూనాకు 16 బిట్లు, అంటే 768 కిలోబిట్లు. ఆరింటికీ కలిపి 4,608. డాల్బీ ఏసీ-3 అనే కుదింపు పద్ధతి దీన్ని 384కు, అంటే పన్నెండో వంతుకు దించింది. అమెరికా డిజిటల్ టీవీ ఈ పద్ధతినే ఎంచుకుని 1998లో ప్రసారాలు మొదలుపెట్టింది. మొదట 384గా ఉన్న పరిమితిని తర్వాత 448కి పెంచారు. డీవీడీకి కూడా 448 దాకానే అనుమతి.

192 కిలోబిట్ల స్టీరియోలో ఒక్కో దారికి 96 వస్తాయి. 384ను ఆరుకు పంచితే 64 మాత్రమే. అయినా నడుస్తుంది, ఎందుకంటే ఆరు దారులూ ఒకే ఉమ్మడి కుప్ప నుంచి తీసుకుంటాయి, మోత దారికి కొద్దిగా చాలు. మరీ ఇరుకైతే హెచ్చు శ్రుతి ధ్వనులను దారులన్నిటికీ కలిపేస్తారు. ఏ శబ్దం ఎటు నుంచి వచ్చిందో చెవికి తెలియకుండా పోయేది అక్కడే.

అసలు పరీక్ష చప్పట్లు. మాటను కుదించడం సులువు. చప్పట్లలో ఒకదాని మీద ఒకటిగా వందల పదునైన దెబ్బలు పడతాయి. కుదింపు యంత్రం ధ్వనిని ముక్కలు ముక్కలుగా తీసుకుంటుంది గనుక, బిట్లు చాలనప్పుడు దెబ్బకు ముందే దాని మరక వినబడుతుంది. చప్పట్లు బురదలా మారితే బిట్లు తగ్గాయన్నమాట. మగ్గంలో నాడె కొట్టుకునే చప్పుడూ అదే జాతిది. దాజీ పేట్ మగ్గాల మధ్య రికార్డు చేసిన ఐదు నిమిషాలు ఏ ప్రసార సంస్థకైనా మంచి కొలబద్ద అవుతుంది!

ఏసీ-3 తర్వాత వచ్చిన డాల్బీ డిజిటల్ ప్లస్ తక్కువ బిట్లతోనే ఆరు దారులు మోయగలదు. కానీ పాత బాక్సులకు అది అర్థం కాదు.

ఇక రెండు స్పీకర్ల టీవీలో ఆ ఆరు దారులూ కలిసి రెండవుతాయి. అప్పుడు ముందుగా దెబ్బతినేది మధ్య దారిలోని సంభాషణే. అందుకే ఏసీ-3లో బిట్లతో పాటు మాట ఎంత గట్టిగా ఉండాలో, గుసగుసకూ కేకకూ మధ్య తేడాను ఎంత తగ్గించాలో చెప్పే సూచనలు కూడా పంపుతారు. మగ్గాల వాడకు ఇవే ఎక్కువ అవసరం. ఏసీ-3 సరౌండ్‌కు 384 ఇవ్వలేని ప్రసారకర్త ఆరు దారుల పేరు పెట్టుకోకుండా, 192తో నిండైన స్టీరియో పంపడమే న్యాయం.