విదేశాలకు వెళ్లినా వీడని అప్పు: చట్టం చెప్పేదేమిటి?

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల, నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే కార్మికుల్లో చాలామంది అప్పుతోనే విమానమెక్కుతారు. నియామక సేవలకు ఏజెంటు వసూలు చేయదగిన రుసుము 30 వేల రూపాయలకు, దానిపై జీఎస్టీకి మించరాదని 1983 నాటి వలసల చట్టం కింద రూపొందిన నిబంధనలు చెబుతున్నాయి. ఆచరణలో వీసా పేరిట, మధ్యవర్తుల పేరిట అంతకు ఎంతో ఎక్కువ చేతులు మారుతుంది. ఆ సొమ్ము నూటికి నెలకు రెండు, మూడు రూపాయల వడ్డీకి, అంటే సాలుకు 24 నుంచి 36 శాతానికి, ప్రామిసరీ నోటు రాసి తెచ్చినదై ఉంటుంది. ఉన్నత చదువుకు అమెరికాకో బ్రిటన్‌కో వెళ్లే విద్యార్థి పరిస్థితి పైకి వేరుగా కనిపించినా మూలంలో ఇదే. బ్యాంకు రుణం, దానికి తండ్రి సంతకం, తరచుగా ఇంటి దస్తావేజులు. అక్కడ ఆశించిన ఉద్యోగం రాకపోయినా, కంపెనీ జీతం ఆపివేసినా ఇక్కడి వాయిదా తేదీ మాత్రం ఆగదు.

ఈ స్థితిలో చిక్కుకున్నవారిని రెండు అపోహలు పీడిస్తాయి. అప్పు కట్టకపోతే స్వదేశంలో దిగగానే విమానాశ్రయంలో అరెస్టు చేస్తారన్నది మొదటిది. మూడేళ్లు కంటికి కనబడకుండా ఉంటే అప్పు దానంతట అదే చెల్లిపోతుందన్నది రెండవది. రెండూ నిజం కావు. మొదటిది అనవసర భయం కలిగిస్తుంది. రెండవది అంతకంటే ప్రమాదకరం.

అప్పు తీర్చలేకపోవడం భారతదేశంలో నేరం కాదు. అది రుణదాతకు, రుణగ్రహీతకు మధ్య ఉన్న సివిల్ వివాదం. కోర్టు డిక్రీ ఇచ్చిన తరువాత కూడా, చెల్లించే శక్తి లేని పేదవాణ్ణి కేవలం చెల్లించలేదన్న కారణంతో సివిల్ జైలుకు పంపరాదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జి వర్గీస్ కేసులో తేల్చిచెప్పింది. స్తోమతు ఉండి కూడా దురుద్దేశంతో ఎగవేసినట్లు రుజువైతేనే ఆ ప్రశ్న తలెత్తుతుంది. డబ్బు డిక్రీ అమలు కోసం మహిళలను అరెస్టు చేయడాన్ని సివిల్ ప్రొసీజర్ కోడ్ 56వ సెక్షన్ పూర్తిగా నిషేధించింది. ఆర్థిక నేరాలు చేసి పరారైనవారి కోసం 2018లో వచ్చిన చట్టం 100 కోట్ల రూపాయలు, ఆపైన విలువగల నేరాలకు సంబంధించినది. వీసా అప్పుకూ, చదువు అప్పుకూ దానితో సంబంధం లేదు. ప్రభుత్వరంగ బ్యాంకుల అధిపతులు బాకీదారులపై లుక్ అవుట్ సర్క్యులర్ కోరేందుకు వీలు కల్పించిన నిబంధనను బొంబాయి హైకోర్టు 2024 ఏప్రిల్‌లో కొట్టివేసింది.

అయితే సివిల్ బాకీ క్రిమినల్ కేసుగా మారే దారి ఒకటుంది. అది చెక్కు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం, బాకీ తీర్చేందుకు ఇచ్చిన చెక్కు నిధులు లేక తిరిగివస్తే రెండేళ్ల వరకు జైలుశిక్ష, లేదా చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. చెక్కు తిరిగివచ్చినట్లు తెలిసిన 30 రోజుల్లోగా రుణదాత నోటీసు ఇవ్వాలి. నోటీసు అందిన 15 రోజుల్లోగా సొమ్ము చెల్లిస్తే కేసు ఉండదు. ప్రయాణ సమయంలో వడ్డీ వ్యాపారి చేతిలో సంతకం చేసి పెట్టిన ఖాళీ చెక్కు ఇక్కడే మెడకు చుట్టుకుంటుంది. మిగతా వివరాలు ఇతరులు నింపినా, సంతకం తనదేనని ఒప్పుకున్న వ్యక్తి బాకీ ఉన్నట్లే చట్టం ముందుగా భావిస్తుందని సుప్రీంకోర్టు 2019లో స్పష్టం చేసింది. బాకీ లేదని నిరూపించుకునే భారం అతనిదే అవుతుంది. ఖాతా మూసివేసి వెళ్లినా తప్పించుకునే వీలు లేదు. బ్యాంకు వాయిదాల కోసం ఖాతా నుంచి నేరుగా సొమ్ము తీసుకునేందుకు ఇచ్చిన ఎలక్ట్రానిక్ అనుమతి విఫలమైనా, 2007 నాటి చెల్లింపుల వ్యవస్థల చట్టం 25వ సెక్షన్ కింద ఇదే తీరు శిక్ష ఉంది.

విదేశంలో ఉన్నవారికి ఈ నోటీసు చేరదు. అది పాత చిరునామాకు వెళ్తుంది. ఇంట్లోని వృద్ధులు భయపడి తీసుకోరు, లేదా తీసుకుని చెప్పరు. సమన్లకు హాజరు కాకపోతే వారంటు, తరువాత నాన్ బెయిలబుల్ వారంటు జారీ కావచ్చు. విమానాశ్రయంలో నిలిపివేతకు, పాస్‌పోర్టు స్వాధీనానికి దారితీసేది ఆ వారంటే గాని అప్పు కాదు. 138వ సెక్షన్ కేసు ఏ దశలోనైనా రాజీకి వీలైనదే. ఊరిలోని న్యాయవాది ద్వారా తొలి వాయిదాలోనే హాజరు నమోదు చేయించుకున్నవారు ఈ దశ దాకా రావడం అరుదు.

ఇక మూడేళ్ల సంగతి. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం నోటు బాకీకి, హామీ లేని బ్యాంకు రుణానికి దావా వేసే గడువు సాధారణంగా మూడేళ్లు. తెలుగు పల్లెల్లో ఈ లెక్క అందరికీ తెలిసినదే. గడువు దగ్గరపడగానే నోటు తిరగరాయించుకోవడం, నోటు వెనుక ఎంతో కొంత చెల్లు వేయించుకోవడం ఆనవాయితీ. గడువు ముగియకముందు రాతపూర్వకంగా బాకీ ఒప్పుకున్నా, కొంత సొమ్ము చెల్లించినట్లు సంతకంతో నమోదైనా మూడేళ్లు మళ్లీ మొదటి నుంచి మొదలవుతాయి. కాని అదే చట్టంలోని 15వ సెక్షన్ అయిదవ ఉపవిభాగం అంతగా ఎవరి దృష్టికీ రాదు. ప్రతివాది భారతదేశం వెలుపల గడిపిన కాలాన్ని గడువు లెక్క నుంచి మినహాయించాలని అది చెబుతోంది. దుబాయిలో అయిదేళ్లు ఉండి వచ్చిన వ్యక్తికి ఆ అయిదేళ్లు లెక్కలోకి రావు. దేశంలో ఉన్నవాడి నోటుకు కాలదోషం పట్టవచ్చు గాని, దేశం దాటినవాడి నోటు అంత సులభంగా పాతబడదు. తనఖా రుణానికైతే గడువే 12 ఏళ్లు. ఒకసారి డిక్రీ వస్తే దాని అమలుకు మరో 12 ఏళ్ల వ్యవధి ఉంటుంది.

ప్రతివాది రాకపోతే కోర్టు ఏకపక్ష డిక్రీ ఇస్తుంది. సమన్లు సక్రమంగా అందలేదని చూపగలిగితే, డిక్రీ సంగతి తెలిసిన 30 రోజుల్లోగా దాన్ని రద్దు చేయాలని కోరవచ్చు. ఆ డిక్రీ విదేశంలో పనిచేస్తుందా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. బ్రిటన్, సింగపూర్, మలేసియా పరస్పర అమలు ఏర్పాటు ఉన్న దేశాలు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌తో న్యాయ సహకార ఒప్పందం 1999లో కుదిరింది. అక్కడి కోర్టుల తీర్పులు ఇక్కడ నేరుగా అమలయ్యేలా కేంద్ర ప్రభుత్వం 2020 జనవరిలో ప్రకటన జారీ చేసింది. అంటే దుబాయిలో తీర్చని బ్యాంకు బాకీ కూడా ఊరిలోని ఆస్తి దాకా రాగలదు. అమెరికాతో అలాంటి ఏర్పాటు లేదు. అక్కడ వసూలు చేయదలచిన రుణదాత ఆ రాష్ట్ర చట్టాల ప్రకారం అక్కడి కోర్టునే ఆశ్రయించాలి. చిన్న మొత్తాలకు అంత ఖర్చు భరించేవారు తక్కువ. దానికి బదులు ఇక్కడున్న హామీదారును పట్టుకుంటారు.

నిజానికి ఈ వ్యవహారంలో ఎక్కువ బాధపడేది దేశం దాటినవారు కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ ప్రకారం హామీదారు బాధ్యత రుణగ్రహీత బాధ్యతతో సమానం. ముందు అసలు బాకీదారు వెంటపడి, అక్కడ రాకపోతేనే తన వద్దకు రావాలని హామీదారు పట్టుబట్టలేడు. విద్యారుణంలో తండ్రి కేవలం హామీదారు కాదు, సహ రుణగ్రహీత. ఆయన పింఛను ఖాతాకు, ఇంటికి బ్యాంకు నోటీసు రావడానికి కొడుకు ఎక్కడున్నాడన్న దానితో పనిలేదు. చిట్టీ పాడుకుని వెళ్లినవారి విషయంలో పూచీ పడిన ఉపాధ్యాయుడో గుమాస్తానో ఈ భారం మోస్తాడు. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం ప్రకారం ఆ వివాదం సివిల్ కోర్టుకు కాక చిట్ల రిజిస్ట్రారు వద్దకు వెళ్తుంది. అక్కడి ఉత్తర్వుతో పూచీదారు జీతం జప్తు అయిన ఉదంతాలు తెలుగు జిల్లాల్లో కొత్త కాదు. సంతకం చేయని తమ్ముడికి, భార్యకు మాత్రం ఎలాంటి బాధ్యత లేదు. రుణగ్రహీత మరణిస్తే వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు.

తనఖా ఉన్న రుణంలో వాయిదా 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని నిరర్థక ఆస్తిగా వర్గీకరిస్తుంది. ఆపై 2002 నాటి సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టుకు వెళ్లకుండానే ఇంటిని స్వాధీనం చేసుకోవచ్చు. దీనిపై 45 రోజుల్లోగా రుణ వసూలు ట్రైబ్యునల్‌ను ఆశ్రయించాలి. తెలుగు రాష్ట్రాలకు ఇవి హైదరాబాద్, విశాఖపట్నాల్లో ఉన్నాయి. వ్యవసాయ భూమి ఈ చట్టం పరిధిలోకి రాదు.

వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోను చేయరాదని, బంధుమిత్రులను వేధించరాదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో మరోసారి ఆదేశించింది. వారి ప్రవర్తనకు బ్యాంకే జవాబుదారీ. ఫిర్యాదుపై బ్యాంకు 30 రోజుల్లో స్పందించకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో నివేదించవచ్చు. దీనికి స్వదేశానికి రావలసిన పనిలేదు.

మన ప్రాంతంలో దివాలా తీయడాన్ని "ఐపీ పెట్టడం" అంటారు. ఇన్‌సాల్వెన్సీ పిటిషన్ అన్న మాటకు అది పొట్టి రూపం. దానికి ఆధారం ఇప్పటికీ 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టమే. సాధారణ వ్యక్తుల దివాలా కోసం 2016 నాటి కోడ్‌లో పొందుపరచిన భాగం ఇంకా అమల్లోకి రాలేదు. నివాసం లేదా వృత్తి ఉన్న ప్రాంతపు కోర్టులోనే ఐపీ దాఖలు చేయాలి కనుక, విదేశంలో స్థిరపడినవారికి అది అంతగా ఉపకరించదు.

మిగిలేది బేరసారాల మార్గం. ఉద్యోగం పోయినప్పుడు వాయిదా తప్పకముందే, ఆధారాలతో గడువు పెంపు కోరినవారి మాటకు బ్యాంకులో విలువ ఎక్కువ. మొండి బాకీగా మారిన తరువాత ఏకకాల పరిష్కారానికి అవకాశం ఉంటుంది. రాజీ పరిష్కారాలకు రిజర్వు బ్యాంకు 2023 జూన్‌లో విధివిధానాలు ప్రకటించింది. అయితే అసలులో కొంత మాఫీ చేసుకుని ముగించిన రుణం క్రెడిట్ నివేదికలో పూర్తిగా చెల్లించినట్లు కాక, సెటిల్ చేసినట్లు నమోదవుతుంది. స్వదేశానికి తిరిగివచ్చి ఇంటి రుణం కోరేవారికి ఆ మాట అడ్డుపడవచ్చు. ఒప్పందాన్ని ఏజెంటు ఫోనులో చెప్పిన మాటగా వదలక, బ్యాంకు అధికారిక లేఖగా తీసుకోవాలి. సొమ్మును రుణ ఖాతాకే జమ చేయాలి, ఎవరి సొంత ఖాతాకూ పంపరాదు. బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లోగా ఆస్తి పత్రాలు తిరిగి ఇవ్వకపోతే, ఆలస్యానికి బ్యాంకు తానే కారణమైన పక్షంలో రోజుకు 5 వేల రూపాయల చొప్పున పరిహారం చెల్లించాలి.

ప్రైవేటు నోటు బాకీలకు జిల్లా న్యాయసేవాధికార సంస్థ నిర్వహించే లోక్ అదాలత్ అనువైన వేదిక. దావా వేయకముందే అక్కడ రాజీ కుదుర్చుకోవచ్చు. ఆ అవార్డుపై అప్పీలు ఉండదు. విదేశంలో ఉన్నవారి తరఫున తండ్రో అన్నో హాజరు కావాలంటే ప్రత్యేక అధికార పత్రం అవసరం. దాన్ని అక్కడి భారత రాయబార కార్యాలయంలో లేదా కాన్సులేట్‌లో ధ్రువీకరింపజేసి పంపాలి. అది భారతదేశానికి చేరిన మూడు నెలల్లోగా స్టాంపు సుంకం చెల్లించాలి. సొమ్ము ముట్టిన రోజున అసలు నోటును, మిగిలిన ఖాళీ చెక్కులను చేతికి తీసుకోవడం, నోటు మీద చెల్లు రాయించుకోవడం కూడా ఆ అధికార పత్రంలో పేర్కొనవలసిన పనులే.