పూరా, తమామ్, ఖతం, బేబాక్

ఇంగ్లిష్‌లో కంప్లీట్‌కూ ఫినిష్డ్‌కూ తేడా చెప్పే జోక్ ఒకటి ఏళ్ల తరబడి వాట్సప్‌లో తిరుగుతోంది. మంచి బీవీ దొరికినవాడు కంప్లీట్, దొరకనివాడు ఫినిష్డ్ అన్నట్టుగా సాగుతుంది. మీ ఖాందాన్ గ్రూపులోకి కూడా రెండు మూడు సార్లు వచ్చే ఉంటుంది. జోక్ సంగతేమో గానీ, అందులో ఒక అసలు సవాల్ ఉంది. ఒక పని "అయింది" అనడానికి ఇన్ని మాటలు దేనికి? మా కంగ్టిలో సంత రోజు ఒక మూలన కూర్చుని వినండి. పూరా, తమాం, ఖతం, ఖలాస్, చుక్తా, మొత్తం, ఒడిసింది. అన్నీ "అయింది" అనే చెబుతాయి. కానీ ఒకటి వాడే చోట ఇంకొకటి వాడితే ఎదుటివాడు ముఖం అదోలా పెడతాడు. "బియ్యం ఖతం" అంటే సరే, "కూతురి చదువు ఖతం" అంటే గుండె జారుతుంది.

ఇన్ని మాటలు ఇక్కడ పోగవడం వెనుక కొంత తారీఖ్ ఉంది. 1956 నవంబర్ 1 దాకా నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో భాగం. ఆ రోజు హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు బీదర్ కర్ణాటక వైపు (అప్పటి మైసూరు) పోయింది, మన తాలూకా ఆంధ్రప్రదేశ్‌లోకి, మెదక్ జిల్లాలోకి వచ్చింది. 2016లో సంగారెడ్డి జిల్లా అయింది. సరహద్దు జరిగింది గానీ జబాన్ జరగలేదు. తెలుగు, కన్నడ, మరాఠీ, లంబాడీ, మన దక్కనీ ఒకే బజారులో బేరమాడుతూనే ఉన్నాయి. వాటన్నిటి మీదా దఫ్తర్ భాష ఒకటి కూర్చుని ఉండేది. మొదట ఫార్సీ, 1880ల నుంచి ఉర్దూ. రైతుకు ఆ భాష రాకపోయినా పన్ను కట్టక తప్పదు కాబట్టి, లెక్క ముగిసిందో లేదో చెప్పే మాటలు మాత్రం నేర్చుకోక తప్పలేదు.

ఉర్దూ మీడియంలో చదివినవాణ్ని కాబట్టి నా దగ్గరికి అప్పుడప్పుడూ పాత కాగజాత్ వస్తుంటాయి. కొన్నేళ్ల కింద ఇద్దరు అన్నదమ్ములు రెండు చీటీలు తెచ్చారు. వాళ్ల దాదా ఒక సాహుకారు దగ్గర తీసుకున్న ఖర్జ్ తాలూకు రసీదులు, ఫస్లీ 1348 నాటివి. ఫస్లీకి 590 కలిపితే 1938. ఖర్జ్ తీరకుండానే దాదా ఇంతెఖాల్ అయ్యారేమోనన్నది వాళ్ల ఫికర్. మనకు తెలుసు కదా, మయ్యిత్ మీద ఉన్న ఖర్జ్ తీరాకే విరాసత్ పంచాలి. పంపకం ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు ఆ బరువు ఎవరి మీద ఉన్నట్టు? మొదటి చీటీ మీద "జుమ్లా వసూల్" అని, పక్కన ఒక అంకె. పెద్దాయన ఎవరినో అడిగితే జుమ్లా అంటే మొత్తం అన్నారట. మొత్తం వసూలైందంటే తీరినట్టే కదా అని ఆయన వాదన. చిన్నాయనకు నమ్మకం కుదరలేదు.

చిన్నాయన అనుమానమే సబబు. జుమ్లా అంటే కూడిక. అప్పటిదాకా ముట్టినదంతా కలిపితే ఇంత అని. ఇంకా రావాల్సింది ఉందో లేదో అది చెప్పదు. (ఉర్దూ ఖవాయిద్‌లో జుమ్లా అంటే వాక్యం. ఇప్పటి సియాసత్‌లోనేమో ఉత్తమాట. పాపం, ఆ మాటకు ఎన్ని నౌకరీలో.) ఖర్జ్ తీరిందని చెప్పే మాట వేరే ఉంది: బేబాక్. బే అంటే లేకుండా, బాఖీ అంటే మిగులు. మిగులు లేనిది. ఆ మాట రెండో చీటీ అడుగున, షికస్తా చేతిరాతలో, సగం చెరిగిపోయి ఉంది. చదివి వినిపించాను. చిన్నాయన ఏమీ అనలేదు, చీటీ తీసుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఒక తమాషా ఉంది ఇక్కడ. చివర ఖాఫ్ రాస్తే బేబాక్ అంటే బాకీ లేనివాడు, కాఫ్ రాస్తే భయం లేనివాడు. తెలుగు లిపిలో రెండూ ఒక్కటే. అప్పు తీరినవాడికి భయమెందుకులెండి.

ఖతం కథ ఇంకో రకం. అరబీలో ఖత్మ్ అంటే మొహర్ వేయడం. రాసిన ఖత్ మడిచి పైన ముద్ర వేస్తే ఇక అందులో చేర్చేదీ లేదు, తీసేదీ లేదు. అందుకే ఇంట్లో పిల్లవాడు ఖత్మె ఖురాన్ చేస్తే మిఠాయి పంచుతాం. అదే మాట తెలుగులోకి వచ్చి "వాడి పని ఖతం" అయింది. ముద్ర పోయింది, ముగింపు మాత్రం మిగిలింది. ఖలాస్‌దీ అదే వరస. అరబీలో విడుదల, నజాత్. బజారులో డబ్బా ఖాళీ.

తమామ్ మాత్రం బరువైన మాట. ఫార్సీ కితాబు రాసిన కాతిబ్ చివర్లో "తమామ్ షుద్" అని రాసి కలం పెట్టేసేవాడు. ఫిట్జ్‌గెరాల్డ్ ఉమర్ ఖయ్యాం రుబాయీలను ఇంగ్లిష్‌లోకి తెచ్చి 1859లో అచ్చు వేసినప్పుడు కూడా చివర ఆ రెండు మాటలూ ఉంచేశాడు. 1948 డిసెంబర్ 1న ఆస్ట్రేలియాలో అడిలైడ్ దగ్గర సోమర్టన్ సముద్రతీరంలో ఊరూ పేరూ తెలియని ఒక మనిషి శవం దొరికింది. అతని బట్టల లోపలి జేబులో తర్వాత బయటపడ్డ కాగితం ముక్క మీద ఉన్నవి ఆ రెండు మాటలే. ఆ దేశపు పోలీసులు తర్జుమా కోసం పరుగులు పెట్టాల్సి వచ్చింది. మన ముసలివాళ్లలో ఎవరికి చూపించినా అర్థం చెప్పేవారు.

తమామ్‌కూ కమాల్‌కూ తేడా ఏమిటని వెయ్యేళ్ల కిందే ఆలోచించారు. పదో శతాబ్దంలో అబూ హిలాల్ అల్ అస్కరీ అనే ఆలిమ్ ఒకేలా కనిపించే అరబీ మాటల మధ్య ఫర్ఖ్ చెప్పడానికి ఏకంగా ఒక కితాబు రాశాడు. అన్ని భాగాలూ కలిసి ఉన్న స్థితి కమాల్, ఏ ఆఖరి భాగం చేరితే వస్తువు పూర్తవుతుందో అది తమామ్ అంటాడాయన. షేర్‌కు ఖాఫియా తమామ్ అవుతుంది గానీ కమాల్ కాదు. ఇది దృష్టిలో పెట్టుకుని ఖురాన్ షరీఫ్ చూస్తే మాటల ఎంపిక కొత్తగా కనిపిస్తుంది. సూరె బఖరా 187వ ఆయత్‌లో రోజాను రాత్రి దాకా పూర్తి చేయమన్నచోట ఉన్నది తమామ్ ధాతువు. మగ్రిబ్‌కు పది నిమిషాల ముందు నోట్లో ఖజూర్ పెట్టుకుంటే, పగలంతా ఆకలితో ఉన్నా రోజా లేదు. ఆ చివరి ముక్కే దాన్ని రోజా చేస్తుంది. అదే సూరా 196లో, ఖుర్బానీ దొరకని హాజీ మూడూ ఏడూ కలిపి పది రోజాలు ఉండాలన్నచోట వచ్చేది కమాల్ ధాతువు. మూడూ ఏడూ పది అని ఎవరికైనా తెలుసు, లెక్కకు తక్కువేమీ లేదు. అక్కడ మాట్లాడుతున్నది లెక్క గురించి కాదు, ఆ రోజాల విలువ గురించి అన్నారు ముఫస్సిర్లు. ఇక సూరె మాయిదా మూడో ఆయత్‌లో, హిజ్జతుల్ విదా నాడు అరఫాత్‌లో దిగినదాంట్లో, రెండు ధాతువులూ పక్కపక్కనే వస్తాయి. దీన్‌కు కమాల్, నేమత్‌కు తమామ్.

ఇంగ్లిష్ వాళ్లకూ ఇలాంటి తేడాలు ఉన్నాయి, జోక్‌లో కనిపించిన దానికన్నా లోతుగానే. ఫినిష్ అనే మాట హద్దు అనే లాటిన్ మాట నుంచి వచ్చింది. గట్టు దగ్గరికి వచ్చాం, ఆగాం, అంతే. కంప్లీట్ అంటే నింపడం. ఫుల్ అన్నా నిండడమే. ఈ రెండిటికీ, సంస్కృత పూర్ణానికీ మూలం ఒకటే. మన పూరా, తెలుగు పూర్తి ఆ పూర్ణం ఇంటివే. అంటే కంగ్టిలో "పూరా" అన్నవాడూ లండన్‌లో "ఫుల్" అన్నవాడూ దూరపు రిష్తేదార్లు.

హోల్ అనే మాట మరీ బాగుంటుంది. అది హెల్త్ అనే మాటకు తోబుట్టువు. చెక్కుచెదరనిది, గాయం లేనిది అని. మన మురగ్ ముసల్లం గుర్తు చేసుకోండి. కోయకుండా, ముక్కలు చేయకుండా దస్తర్‌ఖాన్ మీదికొచ్చే కోడి. ముసల్లం, సలామత్, మనం రోజూ చెప్పుకునే సలాం ఒకే ధాతువు పిల్లలు. రెండు భాషలు ఒకదాన్నొకటి అడగకుండానే, విరగనిదానికీ బాగున్నదానికీ ఒకే వేరు నుంచి మాటలు తీసుకున్నాయి.

ఇలాంటి పోలికలను పనిగా పెట్టుకుని చూసినవాళ్లు మన హైదరాబాద్‌లోనే ఉండేవారు. 1917లో నిజాం సర్కారు ఉస్మానియా యూనివర్సిటీ కోసం దారుల్ తర్జుమా పెట్టింది. దాని మొదటి నాజిమ్ మౌల్వీ అబ్దుల్ హఖ్. వైద్యం, లెక్కలు, ఇంజినీరింగ్ అన్నీ ఉర్దూలో చెప్పాలంటే ఇంగ్లిష్‌లోని ప్రతి మాటకూ సరితూగే మాట కావాలి. టోటల్‌కూ హోల్‌కూ ఒకే మాట పెట్టేస్తే లెక్కల మాస్టారు క్లాసులో ఇరుక్కుపోతాడు. ఆ శ్రమ తర్వాత 1937లో అబ్దుల్ హఖ్ ఇంగ్లిష్-ఉర్దూ నిఘంటువు వచ్చింది. పోలీస్ యాక్షన్ తర్వాత ఉస్మానియాలో ఉర్దూ మీడియం పోయింది గానీ ఆ బాటలో వచ్చిన మాటలు కొన్ని చిన్న బడుల్లో బతికాయి. నేను స్కూల్లో ఇంటీజర్‌ను "సహీహ్ అదద్" అనే చదువుకున్నాను. ఇంటీజర్ అంటే లాటిన్‌లో ఎవరూ ముట్టనిది, ఎంటైర్ అనే మాటకూ అదే మూలం. సహీహ్ అంటే సేహత్ ఉన్నది, రోగం లేనిది. మా సార్ మాత్రం ఇవేవీ చెప్పలేదు. బోర్డు మీద మూడున్నర రాసి, "దీనికి దెబ్బ తగిలింది, ఇది సహీహ్ కాదు" అని చెరిపేసి, పక్కన మూడు రాశారు.