ఎన్‌పీసీల సృష్టి: రోల్‌ప్లేయింగ్ ఆటల్లో గేమ్ మాస్టర్ పాత్రలు

బల్ల చుట్టూ కూర్చుని ఆడే రోల్‌ప్లేయింగ్ ఆటలో ఒక్కో ఆటగాడు ఒక్కో పాత్ర తీసుకుంటాడు. మిగతా లోకమంతా, అంటే పూటకూళ్లింటి యజమానురాలు, కోట కాపలావాడు, దారికాచే దొంగ, రాజు, అందరూ గేమ్ మాస్టర్ నోటితోనే మాట్లాడతారు. ఆటగాళ్లెవరూ తీసుకోని ఈ పాత్రలను నాన్ ప్లేయర్ క్యారెక్టర్లు, క్లుప్తంగా ఎన్‌పీసీలు అంటారు. వీటిని తయారుచేసే పద్ధతుల చరిత్ర అంతా ఒక్క చిక్కుముడి చుట్టూ తిరుగుతుంది. పాత్ర గేమ్ మాస్టర్ చేతిలోదే అయినా, దానికి సొంత ఇష్టాయిష్టాలున్నాయని ఆటగాళ్లకు నమ్మకం కలగాలి. అది కీలుబొమ్మ అని తెలిసిపోయిందా, దానితో బేరమాడాలన్న ఆసక్తి పోతుంది.

1969లో అమెరికాలోని మినియాపొలిస్–సెయింట్ పాల్ జంట నగరాల్లో డేవిడ్ వెస్లీ నడిపిన ‘బ్రౌన్‌స్టైన్’ ఈ ఆటలకు పూర్వరంగం. నెపోలియన్ కాలపు యుద్ధక్రీడలో సేనానులతో పాటు ఊరి మేయరు, బ్యాంకరు, విశ్వవిద్యాలయ ఛాన్సలర్ పాత్రలను కూడా అతడు స్నేహితులకు అప్పగించి, తలా ఒక లక్ష్యం ఇచ్చాడు. సైన్యాల మాట పక్కనబెట్టి వాళ్లు తమలో తాము మంతనాలు మొదలుపెట్టారు. ఇద్దరు ద్వంద్వయుద్ధానికి దిగితే దానికి నియమాలను వెస్లీ అప్పటికప్పుడు కల్పించాల్సి వచ్చింది. తర్వాతి ఆటల్లో ఎన్‌పీసీలకు దక్కింది సరిగ్గా ఇలాంటి పాత్రలే. ఊళ్లో ప్రతి మనిషికీ ఒక పని, ఒక ఆశ ఉంటే కథ దానంతటదే కదులుతుందని ఇక్కడే తేలింది. ఆ పాఠం అచ్చులోకి ఎక్కడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రాసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ మూడు చిన్న పుస్తకాలుగా వెలువడింది. అందులో ఎన్‌పీసీ ప్రధానంగా జీతగాడు. ఎంతమందిని కొలువులో పెట్టుకోవచ్చో ఆటగాడి పాత్రకున్న చరిష్మా అంకె చెబుతుంది: 3 ఉంటే ఒక్కడు, 18 ఉంటే పన్నెండు మంది. అయితే ఆ పక్కనే ఒక చిన్న పట్టిక ఉంది. కొలువుకు రమ్మని అడిగినప్పుడు గేమ్ మాస్టర్ రెండు పాచికలు వేస్తాడు. 2 పడితే ఎదుటివాడు మీదపడతాడు, 12 పడితే ఉత్సాహంగా ఒప్పుకుంటాడు, 6 నుంచి 8 దాకా పడితే ఎటూ తేల్చడు. ఈ పట్టికకు చరిత్రకారులు ఇవ్వాల్సినంత విలువ ఇవ్వలేదు. పాత్ర స్పందన గేమ్ మాస్టర్ ఇష్టానికి లోబడకుండా చేసిన తొలి సాధనాల్లో ఇదొకటి. శత్రువులు చచ్చేదాకా పోరాడతారో పారిపోతారో తేల్చే మొరేల్ పాచికలూ ఈ కోవలోవే.

1979 నాటి ‘డంజన్ మాస్టర్స్ గైడ్’లో గైగాక్స్ ఈ దారినే మరింత ముందుకు తీసుకెళ్లాడు. నిజాయితీ, ధైర్యం, పొదుపు, దైవభక్తి, మానసిక స్థితి, చివరికి ఏయే వస్తువులు సేకరిస్తాడన్న సంగతి దాకా అన్నింటికీ పట్టికలే. పాచికలు పోగుచేసిన లక్షణాలను మనిషిగా కూర్చే పని మాత్రం గేమ్ మాస్టర్‌కే మిగిలింది. అదే ఏడు వచ్చిన ‘ద విలేజ్ ఆఫ్ హామ్లెట్’ అనే సాహస పుస్తకంలో పల్లె మొత్తాన్ని ఇంటింటికీ అంకె వేసి వివరించాడు. ఊరి వర్తకులిద్దరు లోలోపల శత్రువుల మనుషులు. దాదాపు అప్పుడే రాసిన ‘ద కీప్ ఆన్ ద బోర్డర్‌ల్యాండ్స్’లో మాత్రం కోట అధిపతికి కూడా పేరు పెట్టలేదు. కొత్తగా ఆడించేవాళ్లు పేర్లు తామే పెట్టుకుని ఆ చోటును సొంతం చేసుకోవాలని వదిలేశాడు. ఎంత రాయాలి, ఎంత వదిలేయాలి అన్న వాదానికి ఈ రెండు పుస్తకాలు ఇప్పటికీ రెండు కొసలు.

అంతరిక్ష ఆట ‘ట్రావెలర్’ 1977లో వచ్చింది. ఆటగాళ్లకు పని అప్పగించే ‘పేట్రన్’ అందులో ముఖ్యమైన ఎన్‌పీసీ. 1980లో వచ్చిన దాని అనుబంధం ‘76 పేట్రన్స్’ ఒక గొప్ప ఉపాయం చూపింది. పని ఇచ్చేవాడు చెప్పే మాట ఒకటే, దాని వెనకున్న నిజానికి మాత్రం పలు రూపాలు. ఏది నిజమో పాచిక తేలుస్తుంది. 1983లో ట్రేసీ, లారా హిక్‌మన్ దంపతులు రాసిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ సాహసం ‘రావెన్‌లాఫ్ట్’లో పేకముక్కలు ఆ పని చేశాయి. రక్తపిశాచి ప్రభువు స్ట్రాడ్ ఈసారి ఏం కోరుకుంటున్నాడో, ఎక్కడ ఎదురవుతాడో జోస్యం చెప్పే ఘట్టంలోనే తేలుతుంది. అంతవరకు రాక్షసుడంటే చివరి గదిలో కాచుకుని కూర్చునేవాడు. స్ట్రాడ్ మాత్రం తన కోరిక కోసం తానే కదులుతాడు.

1987 నాటి ‘ఆర్స్ మాజికా’ అనే ఆట భటుల పాత్రలను అందరికీ ఉమ్మడి చేసి, ఆటగాళ్లే వంతులవారీగా ఆడేలా చేసింది. 1991లో ‘వాంపైర్: ద మాస్క్వెరేడ్’ నగర రాజకీయాన్ని, ఎవరికి ఎవరు బాకీపడ్డారన్న లెక్కను ముందుకు తెచ్చింది.

అంకెల విషయంలో ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఒకచోట నిలవలేదు. 2000 నాటి మూడో కూర్పు ఎన్‌పీసీలను కూడా ఆటగాళ్ల నియమాలతోనే కట్టమంది. సామాన్యుడికి సైతం ‘కామనర్’ అనే తరగతి పెట్టింది. న్యాయంగా కనిపించే ఈ పద్ధతి గేమ్ మాస్టర్ సాయంత్రాలను మింగేసింది. 2008 నాటి నాలుగో కూర్పు ఆ ముడి తెంచి, ఒక్క హిట్ పాయింటుతో, అంటే ఒక్క దెబ్బకే, పడిపోయే ‘మినియన్’లను ఇచ్చింది. 2014 నాటి ఐదో కూర్పులో ఆదర్శం, బంధం, లోపం, రహస్యం వంటి మాటలు అంకెల పక్కన చేరాయి.

అసలు మలుపు చిన్న ప్రచురణకర్తల ఆటల్లో వచ్చింది. రాన్ ఎడ్వర్డ్స్ తన ‘సార్సరర్’ ఆట అనుబంధంలో చుట్టరికాలు, ప్రేమలు గీసిన పటంతో కథ అల్లడం నేర్పాడు. 2010లో విన్సెంట్ బేకర్ ‘అపోకలిప్స్ వరల్డ్’ మరింత సూటిగా చెప్పింది: ఎదురైన ప్రతి మనిషికీ పేరు పెట్టు, సామాన్యమైన కోరిక ఒకటి ఇవ్వు. ఒకే ఎన్‌పీసీ ఇద్దరు ఆటగాళ్ల పాత్రలకు రెండు రకాలుగా కావలసినవాడైతే ఆ ముక్కోణం నుంచే ఘర్షణ పుడుతుంది. బ్రౌన్‌స్టైన్‌లో వెస్లీ కనుగొన్న సూత్రం ఇన్నేళ్లకు నియమమైంది.

ఇటీవలి పద్ధతులు తక్కువ రాతనే కోరతాయి. 2011లో వచ్చిన ‘మాస్క్స్’ పుస్తకం వెయ్యి పాత్రలను పొట్టి వివరాలతో అందించింది. మైకేల్ షే తన ‘లేజీ డంజన్ మాస్టర్’ పుస్తకాల్లో ముఖ్యమైన పాత్రలకు కొద్ది మాటలే చాలంటాడు. ఎందుకంటే ఆటగాళ్లు ఎవరిని పట్టుకుని వదలరో ముందు తెలియదు. మూడు పేజీలు రాసిన మంత్రిని దాటిపోయి, పేరు కూడా లేని గుర్రాలవాడితో స్నేహం కడతారు. అందుకే అనుభవజ్ఞులు వాడని పేర్ల చిట్టా ఒకటి దగ్గర ఉంచుకుంటారు. 2015లో మొదలైన ‘క్రిటికల్ రోల్’ ఆట ప్రసారాల్లో డబ్బింగ్ కళాకారుడు మాథ్యూ మెర్సర్ ప్రతి పాత్రకూ వేరే గొంతు ఇచ్చాడు. అది చూసి, గొంతు మార్చలేనివాళ్లు ఆట నడపలేరేమోనని చాలామంది జంకారు. ఆ భయం అక్కర్లేదు. “ఆమె తాళంచెవులు కొంగున దాచుకుని, కుదరదంటుంది” అని మామూలు గొంతుతో చెప్పినా ఆటగాళ్లు బేరం మొదలుపెడతారు.